గున్నమ్మ ఇచ్చిన పేరు

గున్నమ్మకు తన పేరంటే ఎప్పుడూ పెద్ద ఇష్టం లేదు. అది నాయనమ్మ పేరు. నాయనమ్మ పోయింది, పేరు ఈమెకు మిగిలింది. బడిలో పిల్లలు గున్న ఏనుగని ఏడిపించేవారు. చోడవరం కోడలిగా వచ్చాక ఆ పేరు వాడుకలోంచే పోయింది. అత్తగారు "ఒసే పిల్లా" అనేది. మొగుడు జగ్గారావు "ఇదిగో" అనేవాడు. మరిది సత్తిబాబుకు ఆమె వదిన. రేషను డిపో దగ్గర తప్ప గున్నమ్మా అని పిలిచినవాళ్ళు లేరు. అందుకే అవసరం పడ్డ రోజున ఆ పేరు తీసి ఇచ్చేయడం ఆమెకు త్యాగంగా తోచలేదు. పక్కింటావిడ అడిగితే చేట ఇచ్చినట్టు ఇచ్చింది. పని తీరాక చేట తిరిగి వచ్చినట్టే పేరూ తిరిగి వస్తుందనుకుంది.

ఆమె కాపురానికి వచ్చేసరికి సత్తిబాబు చొక్కా గుండీలు తప్పు పెట్టుకునే వయసువాడు. అత్తగారు త్వరగానే పోయింది. వాడికి గున్నమ్మే అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, పరీక్ష తప్పితే వాడితో పాటు ఏడ్చింది. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఉన్నది కాస్త చెరుకు భూమి. వేరుపడలేదు, వంటిల్లు ఒకటే. ఇంటికి ఒక రేషను కార్డు, ఒక గ్యాసు బండ, ఒక కరెంటు మీటరు. ఇల్లు అంటే అలాగే ఉంటుందని వాళ్ళందరి లెక్క.

ఆ లెక్క వల్లనే కంపెనీ విషయంలోనూ అలాగే అనుకున్నారు.

సముద్రం వైపు మందుల కంపెనీలో కాంట్రాక్టు పని ఉందని చెప్పింది బంగార్రాజు. రావికమతం మనిషి, దూరపు చుట్టం, కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. మొదట జగ్గారావు పేరు రాయించాడు. గేటు పాసు వచ్చింది, బీమా కార్డు వచ్చింది. ఆ కార్డులో భార్య గున్నమ్మ, కూతురు గౌతమి. మొదటి ఏడే చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరుకు కోత ఆర్డరు వచ్చిన రోజున జగ్గారావు తల పట్టుకుని కూర్చున్నాడు. కంపెనీకి వెళ్తే చెరుకు ఎండిపోతుంది, చెరుకు నరికితే పని పోతుంది.

బంగార్రాజు నవ్వాడు. "దీనికెందుకు బావా అంత ఇదైపోతావు? సత్తిగాణ్ణి పంపీ. ముక్కూ మొగం మీ ఇద్దరికీ ఒక్కటే. మాస్కూ టోపీ ఏసుకున్నాక మీ అమ్మొచ్చినా పోల్చలేదు. పాసు ఒకటే, మనిసి ఎవుడైతేనేటి?"

ఇంటిల్లిపాదికీ అది దేవుడు చూపించిన దారిలా కనిపించింది. కోతల కాలంలో తమ్ముడు, నాట్ల కాలంలో తమ్ముడు, అన్నకు నడుం పట్టేస్తే తమ్ముడు. చివరికి ఏడాది పొడుగునా తమ్ముడే వెళ్ళేవాడు. కంపెనీలో వాణ్ణి అందరూ జగ్గారావు అనేవారు. ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు. "వదినా, ఈరోజు మీ ఆయన్ని మేనేజరు తిట్టీసేడు." గున్నమ్మ కూడా నవ్వేది. "తిట్లు మీ అన్నియ్యవి, జీతం నీది. బాగుందిరా."

సత్తిబాబుకు చీడికాడ నుంచి సంబంధం వచ్చింది. పిల్ల పేరు ఝాన్సీ. ఇంటరు చదివింది. పెళ్ళిచూపుల నాడే గున్నమ్మ ఆ పేరు లోపల రెండు మూడుసార్లు అనుకుని చూసుకుంది. పేరంటే ఇలా ఉండాలి, పిలిస్తే మనిషి నిటారుగా నిలబడాలి అనిపించింది. తోడికోడళ్ళు దెబ్బలాడుకునే ఇళ్ళు ఆ వీధిలో చాలా ఉన్నాయి. ఈ ఇద్దరూ మటుకు ఒకే గిన్నెలో చద్దన్నం తినేవారు. ఝాన్సీకి నోరు ఎక్కువ, నవ్వు ఇంకా ఎక్కువ. బావగారి చెప్పుల చప్పుడు వినిపిస్తే మాత్రం ఠక్కున ఆగిపోయి తలుపు చాటుకు వెళ్ళేది. ఆ ఇళ్ళల్లో అంతే. మొగుడి అన్నగారు మామగారితో సమానం. ఎదురుపడకూడదు, ఆయన కూర్చున్న మంచం మీద కూర్చోకూడదు. జగ్గారావు కూడా ఇంట్లోకి వచ్చే ముందు ఒకసారి దగ్గేవాడు.

పెళ్ళైన మూడో ఏడు ఝాన్సీకి కీళ్ళు వాచాయి. బుగ్గల మీద ఎర్రగా మచ్చలు లేచాయి. జ్వరం వస్తూ పోతూ ఉంది. చోడవరంలో ఒక డాక్టరు, అనకాపల్లిలో ఇంకొకరు. చివరికి విశాఖపట్నంలో ఒకాయన చెప్పాడు. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తే ఒంటిని కొరుక్కుతినే జబ్బు ఇది. మూత్రపిండాల దాకా వెళ్ళింది. మందులు మానకుండా ఏళ్ళ తరబడి వాడాలి, నెలనెలా పరీక్షలు చేయించాలి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్లకు వస్తుంది గానీ ఇంటికి తీసుకెళ్ళి మింగే ఈ మందులకు రాదన్నారు. బయట కొన్నాళ్ళు కొన్నారు. తరువాత ఒక పూటది మానేసి, ఇంకో పూటది సగం చేసి మింగించారు. ఝాన్సీ మొహం చూస్తే ఆ సగం సంగతి తెలిసిపోయేది.

అప్పుడు గున్నమ్మ అంది. "మన కార్డుందిగా. నా పేరు మీద తీసుకెళ్ళండి."

బంగార్రాజుకు కబురు పెట్టారు. కార్డు మీద కుటుంబం ఫొటో కొత్తది అంటించి కంపెనీ ముద్ర వేయిస్తే చాలన్నాడు. ఆసుపత్రిలో ఫొటో చూస్తారు తప్ప మనిషి పుట్టుపూర్వోత్తరాలు అడగరన్నాడు. మాస్కు లేని మొహం ఆఫీసులో ఉన్న పాత ఫొటోతో సరిపోవాలి గనుక మొగుడిగా జగ్గారావే నిలబడాలన్నాడు.

జగ్గారావు మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "తమ్ముడి పెళ్ళాం నాకు కూతురితో సమానం. దాని పక్కన మొగుణ్ణని నిలబడి ఫొటో తీయించుకోమంటావా? నీకేటి మతి పోయిందా?"

"కూతురే అయితే అది సచ్చిపోతంటే సూస్తా కూకుంటావేటి?" అంది గున్నమ్మ.

మర్నాడు అందరూ కలిసి స్టూడియోకు వెళ్ళారు. సత్తిబాబు లోపలికి రాలేదు. బయట మెట్టు మీద నిలబడి రోడ్డు మీద పోయే చెరుకు లారీలను చూస్తున్నాడు. లోపల నీలం గుడ్డ ముందు జగ్గారావు ఒక చివర, ఝాన్సీ ఒక చివర. మధ్యలో గౌతమి. ఝాన్సీ కొంగు తల మీదికి లాక్కుని నేల చూస్తోంది. జగ్గారావు కళ్ళు గోడ మీది కేలండరులో ఉన్నాయి.

ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి తల ఎత్తాడు. "ఏటండీ బాబూ, దెబ్బలాడుకుని వచ్చేరేటి? మీ ఇద్దరి మద్దెన ఎడ్లబండి ఎల్లిపోద్ది. దగ్గరికి జరగండి. ఓ మేడమ్, తల ఎత్తండి, మొగుడి పక్కన నిలబడ్డానికి అంత సిగ్గేటండి?"

ఎవరూ కదల్లేదు. గున్నమ్మ వెనక నుంచి వెళ్ళి ఝాన్సీ భుజం పట్టుకుని పక్కకు తోసింది. "తలెత్తే," అంది మెల్లగా. "నా కోసం ఎత్తే." ఆ మాటకు ఝాన్సీ తల ఎత్తింది, లైటు వెలిగింది. ఫొటోలో ఝాన్సీ భుజం మీద ఒక చెయ్యి పడింది. ఫొటోగ్రాఫరు కత్తిరించి ఇచ్చాడు గానీ, అంచున ఒక ఆకుపచ్చ గాజు ముక్క మిగిలిపోయింది. ఆ కార్డు చూసిన వాళ్ళెవరూ అది ఎవరి గాజని అడగలేదు.

కార్మికుల బీమా ఆసుపత్రిలో ఝాన్సీ మంచం తలవైపు గున్నమ్మ, భర్త జగ్గారావు అని రాశారు. తోడు ఉండేవాళ్ళకు ఒక చీటీ ఇచ్చారు. దానిమీద రాయడానికి పేరడిగితే గున్నమ్మ, "ఝాన్సీ" అని చెప్పింది. వేరే పేరు ఆ క్షణంలో తోచలేదు.

మొదటి రోజే గొడవైంది. ఉష అనే నర్సు మందుల ట్రే పట్టుకుని గుమ్మంలోంచి "గున్నమ్మా!" అని కేక వేసింది.

"ఆఁ, వస్తన్నానమ్మా!" అని గున్నమ్మ లేచి నిలబడింది.

"నిన్ను కాదమ్మా ఝాన్సీ, మీ అక్కని. ఇంజక్షను నువ్వు పొడిపించుకుంటావేటి?" అని ఉష నవ్వింది. పక్క మంచాలవాళ్ళూ నవ్వారు. సూది పొడుస్తూ ఉష ఝాన్సీ మొహంలోకి చూసింది. "ముప్పైఅయిదేళ్ళంటే ఎవరూ నమ్మరు గున్నమ్మగారూ. ఏం తింటారండీ మీ ఊళ్ళో?"

"బెల్లం," అంది ఝాన్సీ తడుముకోకుండా.

ఆ రోజు నుంచి గున్నమ్మ ఒక అలవాటు చేసుకుంది. ఆ పేరు వినిపించిన వెంటనే తొడ మీద గట్టిగా గిల్లుకునేది, నోట్లోంచి 'ఆఁ' రాకుండా. సాయంత్రానికి అక్కడ కమిలిపోయేది. ఝాన్సీ చూసి నవ్వేది. "అక్కా, నీ పేరు నాకు సరిపోలేదే. నీ జాకెట్టు తొడుక్కున్నట్టుంది, లూజు."

"తిను. ఒళ్ళు సేస్తే అదే సరిపోద్ది."

"నా పేరు నీకు బిగుతైపోయుంటాది."

"ఊపిరాడ్డం లేదు," అంది గున్నమ్మ. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

మందులు మొదట బాగా పట్టాయి. వాపు తగ్గింది. ఒక్కటే బాధ. డాక్టరు మాట్లాడాలంటే భర్తను పిలిచేవాడు. జగ్గారావు గది గుమ్మం దగ్గర నిలబడి, ఝాన్సీ వైపు చూడకుండా, చెప్పినదంతా విని, మెట్ల కింద నిలబడ్డ తమ్ముడికి అప్పజెప్పేవాడు. ఒకసారి డాక్టరు, పిల్లల సంగతి ఈ మందులు వాడినన్నాళ్ళూ తలపెట్టకండి, జాగ్రత్తగా ఉండండి అన్నాడు. జగ్గారావు చెమటలు కక్కుతూ బయటికి వచ్చేశాడు. ఆ మాట తమ్ముడికి చెప్పలేక గున్నమ్మకు చెప్పాడు. గున్నమ్మ సత్తిబాబుకు చెప్పింది. వాడు తల దించుకుని విన్నాడు. తన పెళ్ళాం గురించిన మాట తన దాకా రావడానికి రెండు నోళ్ళు దాటాల్సి వచ్చింది.

మందుల వరసలో షర్మిల అనే ఆమె పరిచయమైంది. గాజువాక వైపు ఇనప వర్కుషాపులో కాంట్రాక్టు కూలీ భార్య. చంకలో పిల్లతో గలగలా మాట్లాడేది. ఒకరోజు గున్నమ్మ తన కథ అని చెప్పకుండా, మా ఊళ్ళో ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరు ఒకే కంపెనీ అంటూ అడిగింది.

"అయితే ఇద్దరికీ సెరో కార్డు," అంది షర్మిల. "మాయాయన్ని పనిలో ఎట్టుకున్నప్పుడే ఆయన పేరూ నా పేరూ కలిపి రాసీసేరు. అది ఆళ్ళు సెయ్యాల్సిన పని, మనం బతిమాలుకునీది కాదు. కాంట్రాక్టరు రాయకపోతే కంపెనీయే రాయించాలంట. సట్టమంట."

"ఇంటికి ఒకటే కదా ఇస్తారు?"

"ఇంటికొకటేటి, ఇదేటి రేషనేటి? పని సేసిన ప్రెతీ మనిసికీ, ఆడి పెళ్ళానికీ."

వరస ముందుకు జరిగింది. గున్నమ్మ జరగలేదు. వెనకనున్నవాళ్ళు "నడవమ్మా" అన్నారు.

ఆ వారమే ఆమె ఇంటికొచ్చి బంగార్రాజును పిలిపించింది. వాకిట్లో బండి దిగకుండానే మాట్లాడాడు.

"సత్తిబాబు పేరు రాయించు," అంది గున్నమ్మ. "ఆడి పెళ్ళాం పేరు ఆడి కింద రాయించు. దాన్ని దాని పేరుతో చూపించుకుంటాం."

"రాయించమంటే రాయిస్తాను అక్కా. కానీ ఇయ్యాల చేరినట్టవుద్ది. పెద్ద వైద్యం కావాలంటే కొన్నాళ్ళు బీమా డబ్బు కట్టుండాలి. ఇన్నేళ్ళూ జగ్గారావు పేరు మీద ఆడే వచ్చేడని పైకి తెలిస్తే ఉన్న కార్డూ కొట్టీస్తారు. మంచం మీదున్న మనిసిని కిందికి దించీమంటావా, సెప్పు."

"నీకు ముందే తెల్సా, ఇద్దరికీ రాయాలని?"

బంగార్రాజు బండి తాళం చెవి అటూ ఇటూ తిప్పాడు. "ఒక పేరు తగ్గితే ఓనరుకి సంతోషం. కోతకి సెలవు దొరికిందని మీకూ సంతోషమే. ఓనరు మెచ్చుకున్నాడని నాకూ సంతోషమే. అందరం సంతోషించేం అక్కా." ఆమె మొహం చూడకుండా అన్నాడు. "ఆ పిల్లకి ఇలాగవుద్దని ఎవుడికి తెల్సు?"

ఆమెకు తిట్టాలనిపించింది. తిట్టడానికి నోరు తెరిస్తే అందులో సగం తన ఇంటిమీదే పడుతుందని తెలిసి ఊరుకుంది. తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాక ఝాన్సీకి మళ్ళీ తిరగబెట్టింది. సగం మందులతో గడిచిన ఆ తొలి నెలల్లోనే లోపల జరగాల్సిన చేటు జరిగిపోయిందని డాక్టరు జగ్గారావుకు చెప్పాడు. సత్తిబాబు మెట్ల కింద విన్నాడు. ఈసారి ఆసుపత్రిలో ఝాన్సీ జోకులు వేయలేదు. ఒంటికి నీరు వచ్చింది. అప్పుడన్నట్టే గున్నమ్మ జాకెట్టు ఇప్పుడామెకు సరిపోయింది.

ఒక మధ్యాహ్నం ఝాన్సీ కళ్ళు మూసుకుని పడుకుంది. ఉష వచ్చి చెంప తట్టింది. "గున్నమ్మా. గున్నమ్మగారూ, కళ్ళు తెరవండి. నా మాట వినిపిస్తోందా? గున్నమ్మా!"

కదలిక లేదు. ఉష గొంతు పెంచింది. "గున్నమ్మా!" డాక్టరు కోసం ఆయాను పరిగెత్తించింది. గున్నమ్మ తొడ మీద వేళ్ళు బిగించి నిలబడి ఉంది. ఆ పిల్లకు ఎక్కడో దూరంగా ఎవరినో పిలుస్తున్నట్టు ఉంటుంది తప్ప తనను పిలుస్తున్నట్టు ఉండదు. పరాయి పేరుకు ఎవరు వెనక్కి తిరుగుతారు?

వేళ్ళు వదిలేసి మంచం మీదికి వంగింది.

"ఝాన్సీ! ఒసే ఝాన్సీ! ఇటు సూడే గుంటా. నేనే, అక్కని. ఝాన్సీ!"

ఉష ఆమె భుజం పట్టుకుంది. ఈ ఝాన్సీ దుఃఖంలో తన పేరు తనే పిలుచుకుంటోందని అనుకుంది ఆమె. "అమ్మా ఝాన్సీ, ఊరుకో, ఊరుకో" అని ఓదార్చసాగింది. మంచం మీద కనురెప్పలు కదిలాయి. కళ్ళు సగం తెరుచుకున్నాయి. ఆ చూపు గున్నమ్మను వెతుక్కుని పట్టుకుంది. పెదవులు కూడా కదిలాయి గానీ ఏమన్నదో వినపడలేదు. డాక్టరు వచ్చేసరికి కళ్ళు అలాగే తెరిచి ఉన్నాయి, చూపు లేదు.

కాగితాల మీద భర్త అని రాసిన చోట జగ్గారావు సంతకం పెట్టాడు. సత్తిబాబు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. ఒక ఆయా మాత్రం, "మీ వదినగారా బాబూ?" అంది. వాడు తల ఊపాడు. గున్నమ్మకు ఆ తల ఊపడం కళ్ళల్లోంచి పోలేదు.

ఊళ్ళో అందరికీ ఎవరు పోయారో తెలుసు. ఝాన్సీకి పసుపు రాసి, కుంకం దిద్ది, ముత్తైదువుగా సాగనంపారు. సత్తిబాబే నిప్పు పెట్టాడు. కొన్నాళ్ళకు పట్నం నుంచి చావు సర్టిఫికెట్టు తెచ్చుకున్నారు. అందులో చచ్చిపోయింది గున్నమ్మ.

సత్తిబాబు అన్న పాసు మీద పనికి వెళ్ళనన్నాడు. బంగార్రాజు ఈసారి ఎదురు చెప్పలేదు. వాడి పేరు వాడికి రాయించాడు. భార్య ఉందా అని అడిగే చోట సత్తిబాబు "ఝాన్సీ" అన్నాడు. బంగార్రాజు తల ఎత్తి చూశాడు. ఝాన్సీ చనిపోయినట్టు ఎక్కడా లేదు. రాసేశాడు.

వాడు ఆ కార్డు తెచ్చి గున్నమ్మ చేతిలో పెట్టాడు. "వదినా, అన్నియ్య కార్డులో నువ్వు లేవిప్పుడు. నీకేదైనా జబ్బు చేస్తే దీని మీదెళ్ళు. దాని పేరు నీ దగ్గరుంటే నాకూ బాగుంటాది."

గున్నమ్మ కార్డు మీది పేరు వేలితో తడిమింది. పెళ్ళైన మర్నాడు రావాల్సిన కార్డు అది. "ఒక్కపాలి చేసేం, చాలురా బాబూ," అంది. "దాని సావు కూడా నేనే ఎత్తుకుపోతే దానికింకేటి మిగిలింది?"

జగ్గారావు భయపడ్డాడు. కేసు పెడతారేమో, పని పోతుందేమో, బెల్లం వండుకుని బతకాలేమో అన్నాడు. "వండుకుందాం," అంది. బియ్యం కార్డూ, పెళ్ళినాటి ఫొటోలూ, పాత బీమా కార్డూ సంచిలో పెట్టుకుంది. అనకాపల్లి ఆటో ఎక్కి, అక్కడి నుంచి బస్సు పట్టుకుని, జనన మరణాలు రాసే ఆఫీసుకు వెళ్ళింది. తలుపు దగ్గరున్న మనిషి పేరు అడిగితే చెప్పి, బల్ల మీద కూర్చుంది. దారి పొడుగునా ఒకే మాట వల్లించుకుంది. నేను గున్నమ్మని. బతికున్నాను. పోయింది మా చెల్లి ఝాన్సీ. దాని మొగుడు సత్తిబాబు.

లోపలి నుంచి గుమాస్తా కేక వేశాడు. "గున్నమ్మ ఎవరండీ?"

ఆమె వేళ్ళు వాటంతట అవే తొడ మీదికి వెళ్ళి గిల్లాయి. నోరు మూసుకుపోయింది.

"గున్నమ్మ! లేదా?" గుమాస్తా ఇంకో కాగితం తీస్తున్నాడు.

"ఆఁ," అంది గున్నమ్మ. ఆ ఒక్క అక్షరం ఎక్కడో చాలా లోతు నుంచి, ఏడుపుతో కలిసి వచ్చింది. బల్ల మీంచి లేచింది. "ఉన్నాను బాబూ. వస్తన్నాను."